మీకు అచ్చిందా?

2024 డిసెంబర్ 4 తర్వాత ఉమ్మడి వరంగల్ జిల్లాలో మనుషులు రెండు వర్గాలయ్యారు: భూకంపం వచ్చినవాళ్లు, రానివాళ్లు. ఆ పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల కింద, 40 కిలోమీటర్ల లోతున భూమి ఒకసారి కదిలింది. తీవ్రత 5.3. కుదుపు కొన్ని సెకన్లే. ముచ్చట మాత్రం సంక్రాంతి దాటినా ఒడవలేదు.

డిసెంబర్ చలిలో దుప్పటి ముసుగు తన్ని పడుకున్న సామాన్యుడి గతి ఏమిటో ఎవరైనా ఆలోచించారా? లేచేసరికి ఫోన్ నిండా ఒకటే ప్రశ్న, “మీకు అచ్చిందా?” రాలేదని చెప్పి చూడండి. అవతల కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తర్వాత జాలి. “అయ్యో... మాకైతే మస్తు అచ్చింది.” రేషన్ కార్డు రానివాడిని కూడా ఇంత చిన్నచూపు చూడరు. అందుకే మధ్యాహ్నానికల్లా రానివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. బండి మీద పోతున్నవాళ్లకూ వచ్చింది, బస్సులో నిలబడ్డవాళ్లకూ వచ్చింది. మన రోడ్ల మీద పోయే బస్సులో ఉండి భూకంపాన్ని విడిగా గుర్తుపట్టిన ఆ మహానుభావులను భూకంపాలు కొలిచే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవాలి, పరికరాల ఖర్చు తగ్గుతుంది.

హనుమకొండలో ఏ అపార్ట్‌మెంట్ తీసుకున్నా ఆ పొద్దున జరిగింది ఒకటే కథ. ఐదంతస్తుల జనం కిందికి ఉరికారు. నోట్లో బ్రష్షులు, నైటీల మీద టవళ్లు. కిందికొచ్చి ఎక్కడ నిలబడ్డారు? బయట మంచు పడుతోందని కార్ల పార్కింగ్‌లో, సన్నటి పిల్లర్ల మధ్య, ఏ బిల్డింగ్ కూలుతుందని పరుగెత్తారో సరిగ్గా దాని పొట్ట కింద. ఎటూ అందరూ ఉన్నారు కదా అని అసోసియేషన్ ప్రెసిడెంట్ మెయింటెనెన్స్ బాకీల సంగతి ఎత్తాడు. అసలు భూకంపం ఎవరికి ఎక్కువ వచ్చిందన్న పంచాయితీ అప్పుడు మొదలైంది. మాకే ఎక్కువ ఊగిందని ఐదో అంతస్తు. కింది నుంచి వచ్చేది ముందు మాకే కదా వచ్చిందని గ్రౌండ్ ఫ్లోర్. ఈలోగా ఒకాయనకు పట్టాదారు పాస్‌బుక్ గుర్తొచ్చి పైకి పోయాడు. లిఫ్టులో. పాస్‌బుక్ గుండెకు హత్తుకుని దిగివచ్చాక వాళ్లావిడ అడిగింది, “మరి మీ అమ్మేది?”

ఆ ముసలమ్మ పైన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతోంది. “1969ల భద్రాచలం దిక్కు ఇంతకంటె పెద్దదే అచ్చె. గప్పుడు గింత లొల్లి లేకుండె” అందట. నిజమే, అప్పటిది 5.7. ఆ రోజు జిల్లా మొత్తంలో బుర్ర స్థిమితంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే. కానీ ఆమెను ఏ ఛానలూ అడగలేదు. వాళ్లు ఊగుతున్న ఫ్యాన్ చుట్టూ ఎర్ర గీత గీసే పనిలో ఉన్నారు. పైగా “హైదరాబాద్‌లో భూకంపం” అని కింద స్క్రోలింగ్. ములుగుకు సొంతంగా దక్కిన ఒక్క బ్రేకింగ్ న్యూస్‌ను కూడా పట్నమే ఎత్తుకుపోయింది.

ఇది చాలదన్నట్టు 2025 మే 5 సాయంత్రం కరీంనగర్ వైపు 3.8 వచ్చింది. ఇక మా బామ్మర్ది ఆగుతాడా? “మాకూ అచ్చింది బావా” అని ఫోన్, ఇంట్లో కొడుకు పుట్టినంత సంబరంగా. భూకంప తీవ్రత కొలిచే స్కేలు మీద ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, ఆ లెక్కన ములుగుది మీదాని కంటే 180 రెట్లు పెద్దదని చెప్పాను. అలిగాడు.

సరే, ఇంత సున్నితమైన జనం కదా మనం, ఒక్కసారి భూపాలపల్లి, గోదావరిఖని దిక్కు పోదాం. గోదావరి లోయ అంటేనే కోట్ల ఏళ్ల కింద భూమి చీలి కుంగిన పల్లం. పాత పగుళ్లున్నదీ అందులోనే, బొగ్గున్నదీ అందులోనే. ఆ బొగ్గు కోసం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో బ్లాస్టింగ్ చేసిన ప్రతిసారీ పక్క ఊళ్లలో ఇళ్లు అదురుతాయి. గోడలు నెర్రెలిస్తాయి. రేకుల మీద రాళ్లొచ్చి పడతాయి. చంటిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తారు. అక్కడికి ఏ చుట్టమూ ఫోన్ చేసి అచ్చిందా అని అడగడు. ఆ నెర్రెల చుట్టూ ఎవడూ ఎర్ర గీత గీయడు. భూమి తనంతట తాను కదిలితే మనకు వింత, మనిషి లాభం కోసం కదిలిస్తే అది అభివృద్ధి! సిగ్గనిపించడం లేదా? వాళ్లు గోడల ఫొటోలు పట్టుకుని సోమవారం ప్రజావాణికి పోతే వచ్చే జవాబు “పాత ఇల్లు గదా, పగుళ్లు అవే వస్తయ్” అని. పాత ఇల్లేనయ్యా! దాన్ని కట్టిననాడు పక్కన మీ గుంత లేదు. తాత కట్టిన ఇల్లు మీ మందుగుండుకు తట్టుకోలేదని తాతది తప్పంటారా?

ఆ జవాబు చెప్పే సార్లంతా డిసెంబర్ 4న క్వార్టర్ల నుంచి బనియన్ల మీద బయటికి ఉరికినవాళ్లే. వాళ్ల గోడలకు ఒక్క గీత కూడా పడలేదు.