వెనక్కి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు అట!

ఈ రూల్ ఎవరు కనిపెట్టారో గానీ కెమిస్ట్రీ మొదలుపెట్టే ప్రతి పిల్లాడి బుర్రలోకీ మొదట ఎక్కేది ఇదే. పాత రూపానికి తేగలిగితే భౌతిక మార్పు, తేలేకపోతే రసాయన మార్పు. మంచు కరిగింది, మళ్ళీ గడ్డకట్టించొచ్చు, కాబట్టి భౌతికం. కాగితం కాలింది, బూడిదని మళ్ళీ కాగితం చెయ్యలేం, కాబట్టి రసాయనం. రెండు ఉదాహరణలు, ఒక టిక్కు, నెక్స్ట్ చాప్టర్. ఆ రెండు ఉదాహరణలూ రూల్‌కి సరిపోయేలా ఏరుకొచ్చినవే కదా అని ఎవరూ అడగరు.

సరే, అదే కాగితాన్ని కాల్చకుండా చింపండి, లేదా ఒక చెక్కని రంపంతో కోసి పొట్టు పొట్టు చెయ్యండి. ఆ పొట్టుని మళ్ళీ చెక్క చేస్తారా? చెయ్యలేరు. అలాగని అది రసాయన మార్పా? కాదు, ముందు ఏ పదార్థం ఉందో తర్వాతా అదే ఉంది, సైజు మారింది అంతే. ఇప్పుడు రెండో వైపు రండి. నీలం రంగు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పలుకుల్ని టెస్ట్‌ట్యూబ్‌లో వేడి చేస్తే నీరు పోయి తెల్లటి పొడి అవుతుంది, చల్లారాక రెండు చుక్కల నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం, పైగా ట్యూబు వేడెక్కుతుంది కూడా. స్కూల్ ల్యాబ్‌లో అందరూ చూసిందే. ఎంచక్కా వెనక్కి వచ్చిన రసాయన మార్పు! రీచార్జ్ అయ్యే ప్రతి బ్యాటరీలో జరిగేదీ అలాంటిదే, కరెంట్ ఎక్కిస్తే చర్య వెనక్కి తిరుగుతుంది, లేకపోతే ఈ పోస్ట్ మీరు ఫోన్‌లో చదివేవాళ్ళే కాదు.

ఇంకా తమాషా ఏంటంటే ఆధునిక కెమిస్ట్రీ నిలబడిందే వెనక్కి తిప్పగలిగిన ఒక రసాయన మార్పు మీద. పాదరసాన్ని గాలిలో దాని మరిగే స్థానానికి దగ్గర్లో చాలాసేపు ఉంచితే పైన ఎర్రటి పొడి ఏర్పడుతుంది, ఆ పొడిని ఇంకా గట్టిగా వేడి చేస్తే మళ్ళీ పాదరసం వచ్చేస్తుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. 1774లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ భూతద్దంతో ఎండని ఆ ఎర్ర పొడి మీదకి మళ్ళించి పట్టుకున్న వాయువు అదే. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ రెండు వైపులా చేసి చూసి, గాలిలోంచి పోయిందేంటో మళ్ళీ వచ్చిందేంటో లెక్కగట్టి, గాలి మూలకం (ఇంకా విడగొట్టలేని ఒకే పదార్థం) కాదని తేల్చాడు. మన రూల్ ప్రకారం ఆయన చేసింది భౌతిక మార్పు అవ్వాలి మరి!

రూల్‌తో పాటు ఒక గుర్తుల లిస్ట్ కూడా ఇస్తారు: రంగు మారితే, బుడగలు వస్తే, వేడీ వెలుతురూ వస్తే రసాయన మార్పు. ఇవి అనుమానించడానికి పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి కాదు. పాత బల్బులో ఫిలమెంట్ తెల్లగా వెలిగి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, కొత్త పదార్థం ఏం పుట్టదు. నల్లగా ఉండే అయోడిన్ ఆవిరైతే ఊదా రంగు, అయినా అదీ అయోడినే. బుడగల సంగతైతే చెప్పక్కర్లేదు, 1983లో న్యూజిలాండ్‌లో ఆస్బోర్న్, కాస్‌గ్రోవ్ అనే ఇద్దరు పరిశోధకులు మరిగే నీళ్ళ బుడగల్లో ఏముందని పిల్లల్ని అడిగితే గాలి అన్నవాళ్ళున్నారు, హైడ్రోజన్ ఆక్సిజన్ అన్నవాళ్ళూ ఉన్నారు. ఉండేది నీటి ఆవిరి. బుడగ అంటే వాయువు, వాయువు అంటే రసాయన చర్య అని మనమే బట్టీ పట్టిస్తే వాళ్ళ తప్పేముంది.

నాకు ఒళ్ళు మండే ఉదాహరణ మాత్రం అమ్మోనియం క్లోరైడ్. ఉత్పతనం అనగానే దీని పేరు రాసేస్తారు, ఘన పదార్థం నేరుగా ఆవిరై మళ్ళీ ఘనమైంది కాబట్టి భౌతిక మార్పు అని. నిజానికి వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది, పైన చల్లటి చోట రెండూ కలిసి మళ్ళీ తెల్ల పొడి అవుతాయి. కావాలంటే ట్యూబులో మధ్యలో గాజు ఊలు కుక్కి, దానికి అటూ ఇటూ తడి లిట్మస్ కాగితాలు (ఆమ్లం తగిలితే ఎరుపు, క్షారం తగిలితే నీలం అయ్యేవి) పెట్టి వేడి చెయ్యండి. తేలికైన అమ్మోనియా ఊలులోంచి ముందు దూసుకెళ్ళి పైనున్న ఎర్ర లిట్మస్‌ని నీలం చేస్తుంది, వెనకబడ్డ ఆమ్ల వాయువు హైడ్రోజన్ క్లోరైడ్ కింద నీలం కాగితాన్ని ఎర్రగా చేస్తుంది. ఒక్క పదార్థమే ఆవిరైతే రెండు రంగులు ఎక్కడివి?

అడగాల్సిన ప్రశ్న ఒకటే, పదార్థం అదేనా, వేరేదా? అది తెలియాలంటే ధర్మాలు, అంటే ఆ పదార్థానికి ఉండే లక్షణాలు, పోల్చి చూడాలి, అసలు ధర్మాల పాఠం ఉన్నదే అందుకు. ఇనప రజను 7 గ్రాములు, గంధకం 4 గ్రాములు కలిపితే అయస్కాంతం ఇనుముని లాగేస్తుంది. అదే మిశ్రమాన్ని ఎర్రగా కాల్చాక అయస్కాంతానికి ఇనుము విడిగా దొరకదు, ఆసిడ్ పోస్తే వాసన లేని హైడ్రోజన్ బదులు కుళ్ళిన గుడ్ల కంపు. ఇక్కడ మిశ్రమం, సమ్మేళనం (కలిసి పుట్టిన కొత్త పదార్థం), ధర్మం, మార్పు అన్నీ ఒకేసారి అర్థమవుతాయి, కానీ మనం వాటిని నాలుగు వేరే వేరే నిర్వచనాలుగా బట్టీ కొట్టిస్తాం.

ఈ ప్రశ్నకీ అన్నిచోట్లా ఠక్కున జవాబు రాదు, ఒప్పుకుంటా. ఉప్పు నీళ్ళలో కరగడం తీసుకోండి. వర్క్‌షీట్‌లో భౌతికం అని రాస్తే ఒక మార్కు. కానీ ఆ పలుకులో అయాన్లని (విద్యుదావేశం ఉన్న కణాల్ని) పట్టి ఉంచిన బంధాలు విడిపోతాయి, 801 డిగ్రీల దాకా వేడి చేస్తే గానీ కరగని పలుకుని నీటి అణువులు చుట్టుముట్టి విడదీసేస్తాయి. నీళ్ళు ఇగిరితే అదే ఉప్పు దొరుకుతుంది గదా అంటారు, మైలుతుత్తం విషయంలో ఆ వాదన ఏమైందో పైన చూశాం. రెండు వైపులా వాదించే కెమిస్ట్రీ టీచర్లు ఉన్నారు, ఇద్దరి దగ్గరా పాయింట్ ఉంది. కాబట్టి పేపర్లు దిద్దేవాళ్ళకి ఒక్క రిక్వెస్ట్, ఉప్పు ప్రశ్న ఇస్తే కింద కారణం రాయడానికి నాలుగు లైన్లు వదలండి, భౌతికమన్నా రసాయనమన్నా ఆ నాలుగు లైన్లు చదివి మార్కులు వెయ్యండి.