చిత్రగుప్తుడికి రాని లెక్క

మన చిత్రగుప్తుడంత చాదస్తపు గుమస్తా ముల్లోకాల్లోనూ ఉండడు. ఒక్కొక్కడి పాపం ఒక పక్కన, పుణ్యం ఒక పక్కన రాసుకుంటూ, కూడుతూ తీసేస్తూ యుగాలుగా అదే పని. చైనా కమ్యూనిస్టు పార్టీని అడిగి ఉంటే నిమిషంలో తేల్చిపెట్టేది: ఏడు పాళ్లు ఒప్పు, మూడు పాళ్లు తప్పు. ఎవరికైనా సరే, అదే తక్కెడ.

వెక్కిరిస్తున్నాననుకోకండి, దీనికి ఘనమైన చరిత్ర ఉంది. 1956లో సోవియట్ నేత క్రుశ్చేవ్ స్టాలిన్ బాగోతమంతా బయటపెట్టాక, మావో తాపీగా తూచి స్టాలిన్‌కి ఏడు ఒప్పులు, మూడు తప్పులు అన్నాడు. చివరి రోజుల్లో, పాతదంతా ఊడ్చేస్తామంటూ 1966లో మొదలుపెట్టిన తన సాంస్కృతిక విప్లవానికీ తనే అవే మార్కులు వేసుకున్నాడు. ఆయన పోయాక, 1981లో పార్టీ ఆయన మీదే తీర్మానం చేసింది: ఒప్పులు ముందు, తప్పులు తర్వాత. తీర్మానంలో అంకె రాయలేదు గానీ జనం నోట నిలిచింది మాత్రం డెబ్బై-ముప్ఫయ్యే. మన పదో తరగతిలో 35 వస్తేనే పాసు. 70 అంటే ఫస్ట్ క్లాసు. ఇంక గొడవెందుకు?

నాకే ఓ దుర్బుద్ధి పుట్టింది, ఆ ముప్ఫైలో ఏముందో చూద్దామని.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనం సామెతగా అంటాం. వాళ్లు దాన్ని ప్రభుత్వ పథకంగా అమలు చేశారు. 1958లో ఎలుక, ఈగ, దోమలతో పాటు పిచ్చుకనూ ప్రజాశత్రువుల జాబితాలో చేర్చారు. గింజలు తింటుందన్నది అభియోగం. ఏప్రిల్‌లో మూడు రోజుల పాటు బీజింగ్ జనమంతా మేడలెక్కి, వీధుల్లో నిలబడి పళ్లేలు, మూకుళ్లు, డప్పులు వాయించారు. పిట్ట ఎక్కడా వాలకూడదు. ఎగిరి ఎగిరి సొమ్మసిల్లి రాలిపోవాలి. రాలిపోయాయి. పిచ్చుక గింజలతో పాటు పురుగుల్నీ తింటుందన్న సంగతి ఆనక గుర్తొచ్చింది. 1960లో పిచ్చుక పేరు కొట్టేసి నల్లిని చేర్చారు. శత్రువులు నలుగురని ఒకసారి చెప్పాక ముగ్గురితో సరిపెడితే మాట పోదూ!

ఆ 1958లోనే ఉక్కు ఉత్పత్తి రెట్టింపు చేసి కోటీ 7 లక్షల టన్నులు తీయాలన్నారు. పెరటి కొలిములు లేచాయి. పిచ్చుకల మీద మోగిన మూకుళ్లే అక్కరకొచ్చాయి, వాటినే కరిగించారు. వండుకోవడానికి మూకుడు లేదే అని ఎవరూ దిగులు పడలేదు. ఊరందరికీ సామూహిక వంటశాల ఉందిగా.

పంటల సంగతి మన రైతులు గుండె దిటవు చేసుకుని వినాలి. 1958 ఆగస్టులో, హూబే రాష్ట్రం మాచెంగ్‌లో ఒక మూ నేలలో 36,956 జిన్‌ల ధాన్యం పండిందని పార్టీ పత్రిక అచ్చేసింది. మన కొలతల్లో ఎకరానికి దాదాపు 1,500 బస్తాలు. గోదావరి డెల్టాలో 60 బస్తాలు దాటితే ఊళ్లో చెప్పుకుంటారు. నమ్మని వాళ్ల కోసం ఫొటో కూడా వేశారు: వరి వెన్నుల మీద పిల్లలు నిలబడి ఉన్నారు, పైరు వంగలేదు. పైరు కింద బల్ల ఉందనీ, చుట్టుపక్కల మళ్లలోని వరి పీకి ఆ ఒక్క మడిలో గుచ్చారనీ తర్వాత తెలిసింది. ఇంత ధాన్యం ఏం చేసుకుంటారని మావో షూషుయ్‌లో అధికారుల్ని నిజంగానే అడిగాడు. రోజుకు ఐదు పూటలు తినండి అని సలహా కూడా ఇచ్చాడు.

కాకిలెక్కలతో చిక్కేమిటంటే, సర్కారు వాటా కూడా వాటి మీదే కడతారు. పండింది ఇంత అని రాశాక అందులో వాటా ఇవ్వక తప్పదు. ఇచ్చారు. ఊళ్లో మిగిలింది ఫొటో. 1959 నుంచి 61 దాకా ఆకలికి పోయినవాళ్లు కోటిన్నర అని ఒకరు, నాలుగున్నర కోట్లని ఒకరు లెక్క కట్టారు. పార్టీ మాత్రం దానికి ‘మూడేళ్ల ప్రకృతి వైపరీత్యం’ అని పేరు పెట్టింది. పాపం ప్రకృతి, దానికి పార్టీ సభ్యత్వం లేదు.

ఇక్కడే ఒక పెద్దమనిషి కొంప మునిగింది. 1962 జనవరిలో, ఏడు వేల మంది కార్యకర్తల సభలో, దేశాధ్యక్షుడు లియు షావోచీ హునాన్ రైతుల మాట ఒకటి చెప్పాడు: ఈ కరువులో మూడు పాళ్లు ప్రకృతి చేసింది, ఏడు పాళ్లు మనుషులు చేసింది. అంకెలు సరిగ్గానే తెచ్చాడు, తిరగేసి పెట్టాడు. ఆ తప్పు మావో మనసులో ఉండిపోయింది. ‘చైనా చైర్మన్ మన చైర్మన్’ అని మన దేశంలో గోడల మీద రాసుకుంటున్న రోజుల్లోనే, 1969 నవంబరులో, లియు కైఫెంగ్‌లో బందీగా చనిపోయాడు. దహనం రిజిస్టరులో దొంగపేరు రాశారు. వృత్తి అన్నచోట ‘నిరుద్యోగి’ అని పెట్టారు. దాన్ని అబద్ధం అనడానికి లేదు, ఏడాది కిందటే ఉద్యోగం ఊడబెరికారు కదా. 1980లో ఆయన తప్పేమీ లేదని తేల్చారు.

బీజింగ్‌లో తియనాన్మెన్ దగ్గర విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం తుపాకులతో అణిచేసిన 1989 జూన్ 4 ఎన్ని పాళ్లలోకి వస్తుందని అడగకండి. ఆ రోజు క్యాలెండర్లో తప్ప చైనా ఇంటర్నెట్లో లేదు. జనం తెలివిగా ‘మే 35’ అని రాసుకున్నారు. (మనకది పాసు మార్కు, వాళ్లకు నేరం.) దాన్నీ పట్టుకుని చెరిపేశారు. 2012లో సరిగ్గా జూన్ 4న షాంఘై స్టాక్ సూచీ 64.89 పాయింట్లు పడింది. ఆరు, నాలుగు, ఎనభై తొమ్మిది! సెన్సారు వాళ్లకు నోట మాట రాలేదు. ఆఖరికి సూచీ పేరుతోనే ఎవరూ వెతకకుండా అడ్డేశారు.

మావో ముప్ఫై పాళ్ల నుంచి పార్టీ నేర్చుకున్న పాఠం ఒకటుంది, కాదనను. దేశాధ్యక్షుడు వరుసగా రెండుసార్లకు మించి ఉండకూడదని 1982 రాజ్యాంగంలో రాసుకున్నారు. 2018లో ఆ వాక్యం తీసేయడానికి ఓటింగు పెట్టారు. తీసేయమన్నవాళ్లు 2,958 మంది. వద్దన్నవాళ్లు ఇద్దరు. తటస్థులు ముగ్గురు. ఒకటి చెల్లని ఓటు. అంతమందిలో ఓటెలా వేయాలో తెలియని ఆ ఒక్కడి మీదే నాకు జాలి. ఐదేళ్ల తర్వాత షీ జిన్‌పింగ్‌కు మూడోసారి ఓటేసే నాటికి అందరికీ బాగా నేర్పినట్టున్నారు. అనుకూలం 2,952, వ్యతిరేకం సున్నా.