సంతకానికి విలువ ఏదీ?

రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల ఎగుమతిదారుకు ఏం ఒరుగుతుందో దక్షిణ కొరియా బీఫ్ మార్కెట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాతో కొరియా ఒప్పందం 2012 మార్చి 15న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా బీఫ్ దిగుమతులపై 40 శాతంగా ఉన్న సుంకాన్ని ఏటా కొంత తగ్గిస్తూ 2026కల్లా సున్నా చేయాలని అందులో రాసుకున్నారు. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2014 డిసెంబరులో గానీ అమలు కాలేదు. అందుకే ఆ దేశానికి సున్నా సుంకం 2028కి గానీ రాదు. అంటే ఒకే కొనుగోలుదారు ముందు నిలబడ్డ ఇద్దరు అమ్మకందార్లలో అమెరికా వ్యాపారికి ఏళ్ల తరబడి ఐదు శాతం పైచిలుకు సుంకం కలిసొచ్చింది. పైసా పైసా లెక్క చూసుకునే ఎగుమతుల్లో ఆర్డరు ఎవరికి దక్కాలో తేల్చడానికి ఆ తేడా చాలు.

కొరియా మాట నిలబెట్టుకుంది. అమెరికా నిలబెట్టుకోలేదు.

కొరియా కార్లపై 2.5 శాతం సుంకాన్ని అమెరికా 2016లో ఎత్తేసింది. 2025 ఏప్రిల్ 3 నుంచి జాతీయ భద్రత పేరు చెప్పి అవే కార్లపై 25 శాతం వేసింది. అందుకోసం ఒప్పందాన్ని రద్దు చేయలేదు, సవరించనూ లేదు. కాగితం మీద అది భేషుగ్గానే ఉంది. అమెరికాతో ఇలాంటి పూర్తిస్థాయి ఒప్పందం లేని జపాన్ బేరమాడుకుని సెప్టెంబరు నడుమ నుంచి 15 శాతానికి దిగింది. కొరియా కార్లకు ఆ రేటు నవంబరు 1 నుంచి గానీ వర్తించలేదు. ఒప్పందం ఉన్న దేశం ఎక్కువ కట్టింది, లేని దేశం తక్కువ కట్టింది. చివరికి ఇద్దరూ ఒకే గాటన పడ్డారు. పార్లమెంటులో బాష్పవాయువు ప్రయోగించేంత ప్రతిఘటన ఎదురైనా 2011లో ఆ ఒప్పందాన్ని ఆమోదించుకున్న కొరియాకు దక్కింది ఇదా?

ఇది ఒక్క కొరియా గోడు కాదు. 2025 ఏప్రిల్‌లో దాదాపు అన్ని దేశాలపైనా వేసిన 10 శాతం సుంకం ఆస్ట్రేలియానూ సింగపూర్‌నూ వదల్లేదు. రెండింటితోనూ అమెరికాకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలున్నాయి. సరుకుల వ్యాపారంలో రెండింటితోనూ అమెరికాకే మిగులు ఉంది. మరి ఏ లోటును పూడ్చడానికి ఈ సుంకం?

సొంత పరిశ్రమను కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది, ఒప్పందాల్లో భద్రతా మినహాయింపులూ ఉంటాయి. కానీ మిత్రదేశం కుటుంబ కారు కూడా భద్రతకు ముప్పేనంటే ఆ మినహాయింపులో ఇమడని సరుకంటూ ఏదీ మిగలదు.

మా ఆందోళనంతా ఈ ఆనవాయితీ గురించే. ఒప్పందం నుంచి ఎగుమతిదారు కోరుకునేది తగ్గిన సుంకం ఒక్కటే కాదు, ఆ సుంకం రేపూ అంతే ఉంటుందన్న నమ్మకం కూడా. ఆ నమ్మకంతోనే అతను నెలల ముందు ధర ఒప్పుకుంటాడు, అప్పు తెచ్చి కొత్త యంత్రం పెడతాడు. సరుకు తన దేశంలోనే తయారైందని రుజువు చేయడానికి ఒక్కో విడిభాగం బిల్లూ ఏళ్ల తరబడి దాచిపెడతాడు. చిన్న సంస్థకు ఆ కాగితాల ఖర్చే పెద్ద భారం. సరుకు ఓడలో ఉండగానే సున్నా కాస్తా 25 అయిపోతే ఆ నష్టం ఎవరు కట్టిస్తారు? పెద్ద కంపెనీ అమెరికాలోనే ఫ్యాక్టరీ పెట్టుకుని బయటపడుతుంది. దానికి విడిభాగాలు అందించే చిన్న సంస్థ ఎక్కడికి పోతుంది?

కొరియా ఒప్పందానికి 2018లో జరిగిన సవరణ వేళ ఉమ్మడి ప్రకటనపై స్వయంగా సంతకం చేసింది డొనాల్డ్ ట్రంప్. తన సంతకాన్నే తాను ఖాతరు చేయని నాయకుడికి శిక్ష లేకపోతే రేపు ఇంకో దేశం అదే దారి పడుతుంది. ఆ తర్వాత మరొకటి.

ఇంత జరిగినా వాణిజ్య మంత్రులు కొత్త ద్వైపాక్షిక ఒప్పందాల కోసం పోటీలు పడుతూ, ఎగుమతిదారులకు పండగేనని ప్రకటనలు గుప్పిస్తున్నారు. భద్రతా మినహాయింపుకు హద్దు ఎక్కడ గీశారు? మాట తప్పిన దేశం ఎంత పరిహారం కట్టాలో ఏ పేజీలో రాశారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా సంతకానికి కూర్చునే మంత్రి ఎగుమతిదారుల పేరు ఎత్తకపోవడమే మర్యాద.