ఆయ్ గారికో మనవి

మహారాజశ్రీ ఆయ్ గారి సముఖానికి,

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో, కొబ్బరి చెట్ల మధ్య పెంకుటింట్లో ఉంటూ, 2019 సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఒకే ఒక్క నవల రాస్తున్న బడిపంతులు నమస్కరించి రాసుకునే లేఖ. ఇక్కడ మేమంతా క్షేమం. నవల మాత్రం క్షేమంగా లేదు.

మీరు చూస్తే అక్షరమున్నర ఉంటారు, అర్థం కూడా "అలాగేనండి" అనేంతే. కానీ గోదారి జిల్లాల వాడి నోట్లో మీరు కూర్చున్నంత దర్జాగా నాలుక కూడా కూర్చోదు. హైదరాబాదులో ఆటో అబ్బాయి రేటు చెప్పగానే నేను "ఆయ్" అంటే చాలు, "మీది గోదావరా సార్" అని నవ్వుతాడు. బేరం ఆడాల్సిన చోట మిమ్మల్ని వాడానని అప్పుడు గుర్తొస్తుంది. సరే, అది ఇరవై రూపాయల నష్టం. నా గోల వేరు.

లెక్కప్రకారం ఇది పెద్ద పని కాదండి. రోజుకి 300 మాటలు రాస్తే 300 రోజుల్లో 90,000 మాటలు, ఓ మాదిరి నవల. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 కల్లా గోదారికి అడ్డంగా ఆనకట్ట కట్టేశాడు. నేను నదికి అడ్డుకట్ట వేయక్కర్లేదు, ఒక ఆడపిల్లని నది దాటిస్తే చాలు. పదిహేడో అధ్యాయంలో నరసాపురం రేవులో, జనాన్నీ బళ్ళనీ దాటించే పంటు ఎక్కిందావిడ. వసిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లిలో దిగాలి. ఇప్పటికీ దిగలేదు. దొర ఐదేళ్ళలో ఎలా ముగించాడా అని ఆలోచిస్తే నాకు ఒకటే తోచింది: ఆయనకి మీరు పరిచయం లేరు.

నేను తెల్లారగట్ల నాలుగున్నరకే లేస్తాను. స్కూలు తొమ్మిదింటికి. మధ్యలో ఉన్న టైము నాది, అంటే మీది. కిటికీ పక్కన బల్ల వేసుకుని, పెన్ను పట్టుకుని, గోడకేసి చూస్తుంటాను. రాయడంలో ముప్పాతిక వంతు పని గోడకేసి చూడటమే, ఆ సంగతి రాసేవాళ్ళకి తెలుసు. మా ఊరికి తెలియదు. గోడకేసి చూస్తున్న మనిషి మా ఊళ్ళో ఖాళీ మనిషి.

"మాస్టారూ, ఖాళీయేనాండి?"

బుర్ర "లేదు" అందామని లేస్తుంది. అది లేచి చెప్పులేసుకునేలోగా మీరు గేటు తీసేస్తారు.

దింపు రోజు సంగతే తీసుకోండి. పక్క తోట వాళ్ళు కొబ్బరి దింపు పెట్టారు, కాయ లెక్క దగ్గర నమ్మకమైన మనిషి నుంచోవాలట. "ఒక్క పది నిమిషాలు మాస్టారూ." ఆయ్. పైన కత్తి తెగిన చప్పుడు, ఆ వెంటనే గెల నేలకి తగిలిన దబ్బుమన్న మోత. కింద ఒకతను రెండు చేతులతో కాయలు విసురుతూ "లాభం... రెండు... మూడు..." అని పాడుతున్నాడు. ఒకటి అనకూడదు, లాభం అనాలి. పదకొండయ్యేసరికి నేను ఇంటికొచ్చాను. ఆ రోజు స్కూలుకి సెలవు పెట్టింది కూడా నవల కోసమే అని మా ఆవిడ గుర్తు చేసింది. సాయంత్రం రాసింది చదువుకుంటే, పంటు మీద మనుషులు ఎక్కుతున్న చోట "లాభం, ఇద్దరు, ముగ్గురు" అని ఉంది.

అసలు దెబ్బ ఇంకోటి. నేను నవల రాస్తున్నానని ఊళ్ళో తెలిసిపోయింది. చెప్పింది నేనే, అడిగితే ఆయ్ అన్నాను. అప్పట్నుంచీ నేను అన్నీ రాస్తున్నాను, నవల తప్ప. పెళ్ళిళ్ళ సీజన్‌లో శుభలేఖలు. పెద్దకర్మ కార్డులు. రెండో పంట దాళ్వాకి శివారు చేలకి నీళ్ళందడం లేదని అర్జీలు. ఈ అర్జీల్లో నా శైలి బాగా పండిందని చెప్పుకుంటారు, నీళ్ళు మాత్రం రాలేదు. సెంటర్లో కట్టే ఫ్లెక్సీలకి మాటలు కూడా నావే. ఇప్పటివరకూ నా రచనల్లో ఎక్కువమంది చదివింది పన్నెండు అడుగుల పొడవూ ఎనిమిది అడుగుల ఎత్తూ ఉన్న ఒక పుట్టినరోజు శుభాకాంక్ష. దాని మీద కూడా నా పేరు లేదు, ఫోటోలకే చోటు చాల్లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మా అమ్మాయి పంటు ఎక్కేటప్పటికి అటు ఒడ్డు తూర్పుగోదావరి. ఆవిడ నది మధ్యలో ఉండగానే అది కోనసీమ అయిపోయింది. కథ 2019లో జరుగుతోంది, ముట్టుకోకపోతే సరిపోయేది. కానీ శుభలేఖ కోసం వచ్చిన ఒకాయన నా నవల ప్రతి చూసి, "కొత్త జిల్లా పెట్టండి మాస్టారూ, లేటెస్టుగా ఉంటుంది" అన్నాడు. నేనేమన్నానో మీకు తెలుసు. మూడో అధ్యాయంలో అర్జీ పట్టుకుని కాకినాడ కలెక్టరాఫీసుకి వెళ్ళిన వాళ్ళ నాన్నని వెనక్కి పిలిచి అమలాపురం పంపాల్సి వచ్చింది. కాకినాడ బస్సులో నేను కష్టపడి రాసిన పోట్లాట ఒకటి దానితో పోయింది. ఇప్పటికీ దాని మీద బెంగే.

వరద మీ ఖాతాలో వేయను, న్యాయం న్యాయమే. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో దాటింది. పంట్లు ఆపేశారు. నా పంటు అప్పటికే ఆగి ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు. కానీ ఎర్రనీళ్ళతో పాటే పులస వస్తుందని, దాన్ని పట్టుకుని మా బాబాయి వస్తాడని, ఆ పులుసు మర్నాడు తింటేనే రుచి కాబట్టి ఆయన రెండు రోజులుంటాడని ఎవరికి చెప్పుకోను? "ఇంకా అవలేదేంట్రా?" అన్నాడు చెయ్యి నాకుతూ. అవలేదన్నాను. "బెంగెట్టుకోకు. రాజమండ్రిలో కూర్చుని నన్నయ్య గారంతటాయనే అరణ్యపర్వం సగంలో ఆపేశారు." నిజమే. ఆయన వెనకాల మిగిలింది పూర్తి చెయ్యడానికి తిక్కన్న గారు, ఎర్రన్న గారు ఉన్నారు. నా వెనకాల ఎవరున్నారు బాబాయ్ అంటే, ఇంకో ముక్క వేయించుకున్నాడు.

ఇదంతా కూడా మన్నించేవాణ్ణే. మీరు నా ఇంట్లోకి వచ్చారు, పరవాలేదు. నా నవల్లోకి కూడా వచ్చేశారు, అదే తట్టుకోలేకపోతున్నాను.

అటు రేవులో మేనమామ కారు పెట్టుకుని నుంచున్నాడు, పెళ్ళిచూపులకి తీసుకెళ్ళడానికి. నరసాపురంలో లేసు అల్లి సంపాదించుకుంటున్న పిల్లకి ఆ సంబంధం ఇష్టం లేదు. పంటు ఒడ్డుకి తగిలేలోగా ఆవిడ "నేను రాను" అనాలి. పదహారు అధ్యాయాలూ ఆ ఒక్క ముక్క కోసమే నడిచాయి. పదకొండుసార్లు రాశాను. పదకొండుసార్లూ పంటు ఆగింది, మేనమామ "పదమ్మా" అన్నాడు, ఆవిడ "ఆయ్" అని కారెక్కేసింది. ప్రతిసారీ కొట్టేసి మళ్ళీ పంటు ఎక్కిస్తున్నాను. నేను నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట ఆవిడ చేత ఎలా అనిపించను?

అందుకని నేర్చుకుందామనుకున్నాను. అద్దం ముందు నుంచుని "కుదరదండి" అని వారం రోజులు సాధన చేశాను. మొన్న ఆదివారం పొద్దున్నే ఒకాయన వచ్చాడు, గృహప్రవేశం కార్డు రాయాలని. గట్టిగా ఊపిరి పీల్చుకుని "కుదరదండి" అనేశాను.

ఆయన ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాలేదాండి?" అన్నాడు.

అరగంటలో పక్కింటి మామ్మగారు మిరియాల కషాయం పట్టుకొచ్చారు. పది నిమిషాల తేడాలో రెండు కొబ్బరి బొండాలు వచ్చాయి. మా హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, షుగర్ టెస్టు చేయించుకోమన్నారు. మధ్యాహ్నానికి, నాకూ మా ఆవిడకీ మాటల్లేవని వీధి చివర కబురు. ఆవిడ టెన్షన్ పడిపోయి, "ఆ కార్డేదో రాసి పారేయండి, నా పరువు పోతోంది" అంది. రాశాను. బొండాలు పట్టుకొచ్చిన వాళ్ళకి కాఫీలిచ్చి, అడక్కపోయినా ఇద్దరికి ఆయ్ అన్నాను, ఊరు కుదుటపడింది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, మిమ్మల్ని పూర్తిగా వెళ్ళిపొమ్మనను. మీరు పోతే ఈ ఊళ్ళో నేను బతకలేను. పొద్దున్న నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాత్రం కాస్త అరుగు మీద కూర్చోండి. లోపలికి రాకండి. కావాలంటే కాఫీ బయటికే పంపిస్తాను.

నిన్న తెల్లారగట్ల కరెంటు పోయింది. గేటు చప్పుడవలేదు. పన్నెండోసారి రాశాను. పంటు ఒడ్డుకి తగిలింది, మేనమామ "పదమ్మా" అన్నాడు. ఆవిడ కదల్లేదు. "నేను రానండి" అంది.

దీపం దగ్గరికి జరుపుకుని మళ్ళీ చదివాను. ఐదో అధ్యాయంలో ఆవిడ మేనమామని "నువ్వు" అనే పిలిచింది. ఈ "అండి" ఆవిడది కాదు, నాది.

కొట్టేశాను.

ఇట్లు,
తమ విధేయుడు, బడిపంతులు