అర్థమైందా? అర్థమైంది సార్!

తరగతిలో పిల్లలందరికీ చదువు ఎలా వస్తుందా అని ప్రపంచమంతా తల పట్టుకుంటున్న ఈ రోజుల్లో, వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు మీద ఒక హైస్కూల్లో ఆ సమస్య ఎప్పుడో తీరిపోయిందని సవినయంగా మనవి చేస్తున్నాను. తీర్చింది నేనే. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నా పద్ధతికి ఖర్చు లేదు, చార్టులు అక్కర్లేదు, ట్రైనింగ్ అసలే వద్దు. ఒక్క మాట చాలు. "అర్థమైందా?"

కిటుకంతా అడగడంలో ఉంది. ముఖం బోర్డు వైపే ఉండాలి. చాక్‌పీస్ కింద పెట్టకూడదు. చివరి అక్షరాన్ని కొంచెం సాగదీయాలి. వెనక నుంచి నలభై గొంతులు ఒకే రాగంలో "అర్థమైందీ సార్" అంటాయి. ఈ రాగం పిల్లలకు ఎక్కాలకంటే ముందే వస్తుంది. ఇందులో నేను కనిపెట్టిన విషయం ఒకటుంది: అర్థం కానివాళ్లే గట్టిగా అరుస్తారు. అర్థమైనవాళ్లు అప్పటికే తర్వాతి లెక్కలో ఉంటారు, వాళ్లకు అరిచే తీరిక ఉండదు. అరుపు ఎంత పెద్దగా ఉంటే పాఠం అంత బాగా ఎక్కిందని రాసుకుంటున్న నాకు ఈ విషయం కొంచెం ఇబ్బందే. అందుకని దాన్ని రాసుకోలేదు.

అనుమానప్పక్షుల కోసం రెండో ప్రశ్న కూడా ఉంచాను. "ఎవరికన్నా డౌటుందా?" ఏడో తరగతిలో నలభై మంది మధ్య లేచి "నాకుంది సార్" అనాలంటే ఎంత గుండె కావాలి! పక్కవాడు కిసుక్కుమంటాడు. ముందు బెంచీ మొత్తం వెనక్కి తిరుగుతుంది. నేను "గింతసేపు ఏం విన్నవ్ రా?" అంటాను. అందుకే ఇరవై రెండేళ్లలో నా క్లాసులో ఎవరికీ డౌటు లేదు.

చట్టం కూడా నా వైపే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ చేయాల్సిన పనులు వరసగా రాశారు. అందులో 'సి' చెప్పేది, గడువులోపల సిలబస్ మొత్తం పూర్తి చేయమని. దాని కిందే 'డి' ఉంటుంది: ఒక్కొక్క పిల్లవాడు ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నాడో చూసి, అవసరమైతే అదనంగా చెప్పమని. సి తర్వాతే కదా డి! నేను అక్షరక్రమాన్ని గౌరవించే మనిషిని. ఏటా మార్చి దాకా సి లోనే ఉంటాను. ఏప్రిల్‌లో డి మొదలుపెడదామంటే పరీక్షలు, వెంటనే ఎండాకాలం సెలవులు. మళ్లీ జూన్‌లో కొత్త సి.

పిల్లవాడు ఏ మెట్టు మీద నిలబడితే అక్కణ్నుంచే చెప్పాలని 2022లో మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం వచ్చింది, ఆ తర్వాత హైస్కూలుకు ఉన్నతి వచ్చింది. మంచి ఆలోచనే. నా వంతుగా ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పట్టిక నింపాను. అందరినీ కలిపి మధ్య మెట్టు మీద నిలబెట్టాను. కింద పెడితే ఎందుకు పెట్టావంటారు, పైన పెడితే చదివించి చూపమంటారు.

నా పద్ధతి బలమేమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మొన్న పత్తి ఏరుడు రోజుల్లో భిన్నాల కూడిక మొదలుపెట్టాను. బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని వేసి, పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో చూపించి, అర్థమైందా అన్నాను. అర్థమైందీ సార్. నలభై మంది నోట్‌బుక్కుల్లో దించుకున్నారు. నలభై బుక్కులకూ ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టాను. ఆ వారమే తనిఖీకి వచ్చిన అధికారి ఒక అమ్మాయి బుక్కు తీసి, దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకుని, ఆ లెక్క కిందే ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేశారు. మీకూ అర్థమైంది కదా?

ఇట్లా అంతా సాఫీగా సాగుతుంటే మధ్యలో పరిశోధకులు ఊరుకోరు. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త క్లాసుల్లో టేప్ రికార్డర్లు పెట్టించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయట. ఎన్నడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారట. లెక్కల మాస్టారిని కదా, లెక్క కట్టాను. పీరియడ్‌కు ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు సెకన్లు: మొత్తం ఒక నిమిషం నష్టం! ముఖం చూసి హాజరు వేసే యాప్‌కు సిగ్నల్ దొరక్క వేపచెట్టు కింద పది నిమిషాలు ఫోన్ ఎత్తి పట్టుకునే మాకు నిమిషాలు ఊరికే వస్తాయా?

అయినా సెకను ఎందుకు? నేను అడగడం పూర్తికాకముందే ముందు బెంచీ అమ్మాయి జవాబు చెప్పేస్తుంది. ఆమెకొస్తే క్లాసుకొచ్చినట్టే. బెంజమిన్ బ్లూమ్ అనే ఇంకో అమెరికన్ విద్యావేత్త 1984లోనే చెప్పాడు, ఒక్కొక్కరికి విడిగా కూర్చోబెట్టి చెబితే మామూలు విద్యార్థి కూడా మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటిపోతాడని. మనమూ అదే చేస్తున్నాం, కాకపోతే ఆ ఒక్కరు ఎవరన్నది ముందే తేల్చుకుంటాం. హనుమకొండ నయీంనగర్ మీదుగా వెళ్లి చూడండి, కాలేజీల ఫ్లెక్సీల మీద ఆ ఒక్కొక్కరే నవ్వుతూ ఉంటారు.

ఇక నా నలభై ఒకటో విద్యార్థి సంగతి. తండా పిల్లవాడు, చివరి బెంచీ. వాళ్లింట్లో లంబాడీ మాట్లాడతారు. లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇక ఏ భాషలో రాదంటాడు? వీడి భాష రెండు పేజీల్లోనూ లేదని మీరంటే, బైండింగ్ మధ్యలో వెతుక్కోమంటాను.

ఒకనాడు బస్సు కోసం నిలబడ్డ చోటికి ఎదురుగా పత్తి కాంటా. వాడు, వాళ్ల నాయిన బస్తాల పక్కన ఉన్నారు. ఆరు క్వింటాళ్ల నలభై కిలోలు తూగింది. సేటు క్వింటాలుకు రెండు కిలోల తరుగు అన్నాడు, రేటు ఏడు వేలు. సేటు క్యాలిక్యులేటర్ తీసేలోపు వీడు గోడవైపు చూస్తూ, "పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు పోతయ్ నాయినా. తొమ్మిది వందలకు నాలుగు రూపాయలు తక్కువ" అన్నాడు. మర్నాడు క్లాసులో రెండు శాతం అంటే ఏమిట్రా అని అడిగితే నేల చూపులు చూశాడు. నేను సెకను ఆగి, ముందు బెంచీ వైపు తిరిగాను. శాతాలు రానివాళ్ల పట్టికలో వాడి పేరు రాసుకున్నాను.

భిన్నాలు చెప్పిన వారమంతా వాడు పత్తి చేనులోనే ఉన్నాడు. అంటే "అర్థమైందీ సార్" అనే అవకాశం వాడికి దక్కలేదు. తిరిగొచ్చాక పక్కవాడి బుక్కు చూసి దించుకున్నాడు. ఆ రోజే నాకు అమెరికావాళ్ల మూడు సెకన్ల మాట అబద్ధమని నిరూపించాలని బుద్ధి పుట్టింది. "పోయిన వారం లెక్క మీద ఎవరన్నా ఒక మాట చెప్పండి" అని అడిగి, ముందు బెంచీలో లేచిన చేతిని చూడనట్టే ఉండి, మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఒకటి. ఫ్యాను కిర్రుమంటోంది. రెండు. ఎవరిదో కంపాస్ బాక్స్ కింద పడింది. మూడు. ఇరవై రెండేళ్లలో నా క్లాసు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. టెన్షన్ కూడా మొదలైంది.

నాలుగో సెకనులో చివరి బెంచీ నుంచి వచ్చింది. "సార్, సగం బస్తల ఇంకింత పోస్తె సగం కన్న తక్కువెట్లయింది? నడుమ ఎవలన్న తరుగు తీసిండ్రా?"

బోర్డు వైపు తిరిగాను. ఆ లెక్క వేసిన రోజు హెడ్మాస్టర్ గారు గుమ్మంలో నిలబడి మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క అడుగుతుండటం గుర్తుకొచ్చింది. నలభై మందీ, నేనూ, అధికారీ వారం రోజులు ఆ 2/5 తో హాయిగా ఉన్నాం. "అర్థమైందీ సార్" అని ఈసారి ఎవరూ అనలేదు.

నోట్‌బుక్కులన్నీ మళ్లీ తెప్పించి నా టిక్కులు నేనే కొట్టేసి, పక్కన 5/6 వేశాను. ముప్పై తొమ్మిది అయ్యాయి. ఆ దస్తూరి బాగున్న అమ్మాయి బుక్కు మాత్రం ఇంకా టేబుల్ మీదే ఉంది. ఆకుపచ్చ సంతకం మీద ఎర్ర గీత పెట్టే అధికారం నాకు లేదు. పై నుంచి అనుమతి కోసం రాశాను.