కళ్ళు కవర్లో పెట్టానండీ

షష్టిపూర్తికి పట్టుబట్టలు అందరూ పెట్టేవేనని, మావయ్య మొహాన్ని చెక్క మీద కోయించాల్సిందేనని మా అత్తయ్య పట్టుబట్టింది. ఎక్కడో వీడియోలో చూసిందట. ఆవిడ పట్టుబడితే బ్రాడీపేటలో మా వీధి వీధంతా సర్దుకుపోతుంది, నేనెంత!

అరండల్‌పేటలోని లేజర్ కటింగ్ షాపుకి ఫోటో పంపింది, అదీ వాట్సాప్‌లో. అంటే చేరేలోపే సగం చిక్కిపోయిందన్నమాట. పైగా అది ఎవరి పెళ్ళి ఫోటోలోంచో కత్తిరించిన ముక్క. మావయ్య భుజం మీద ఎవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"దీన్ని ముందు వెక్టర్ చేయాలండీ" అన్నాడు షాపు కుర్రాడు. ఫోటో అంటే రంగు చుక్కల కుప్ప. కోసే మిషన్‌కి చుక్కలతో పనిలేదు. ఎక్కడ మొదలై, ఏ దారిన పోయి, ఎక్కడ ఆగాలో చెప్పే గీత కావాలి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ తెరిచి 'ట్రేస్ బిట్‌మ్యాప్' నొక్కాడు. లోపల ఆ పని చేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రామ్. దానికి నలుపు, తెలుపు తప్ప మూడో రంగు పనికిరాదు. అందుకని ప్రతి చుక్కా ముందే అటో ఇటో తేలిపోవాలి. నలుపు సున్నా, తెలుపు ఒకటి అనుకుంటే ఆ హద్దు మామూలుగా 0.45 దగ్గర ఉంటుంది. అంతకంటే ముదురైనదంతా నలుపే.

మావయ్య జుట్టు తెలుపు, వెనక గోడ తెలుపు. మీసానికి మాత్రం ఆదివారం ఆదివారం రంగేస్తాడు. తెర మీద మీసం, కళ్ళజోడు మిగిలాయి.

"మీసం బాగానే వచ్చింది. మిగతా మావయ్యేడిరా?" అంది అత్తయ్య.

కుర్రాడు హద్దు పెంచాడు. మావయ్య వచ్చాడుగానీ గడ్డం కింద నీడ కాస్తా గడ్డమైపోయింది, భుజం మీది చెయ్యి గద అయింది. గళ్ళ చొక్కా నిండా నల్ల మచ్చలు. చిన్న మచ్చలు తీసేసే మీట జరిపితే, వాటితో పాటు ముక్కు రంధ్రాలూ పోయాయి. ఈ పనికి పాతకాలం సైన్‌బోర్డు ఆర్టిస్టే మేలని నా గట్టి నమ్మకం. ఏది ముక్కో ఏది నీడో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు గొడవ కళ్ళజోడు దగ్గర. ఫ్రేమ్ చుట్టూ కోస్తే మధ్యలో అద్దం, కన్ను దేనికీ అంటుకుని ఉండవు, ఊడి కింద పడతాయి. అందుకే కుర్రాడు అక్కడక్కడా కోయకుండా సన్నటి బ్రిడ్జీలు వదిలాడు.

"మొహానికి ఆ అడ్డకర్రలేంటి బాబూ, అసహ్యంగా! తీసెయ్."

"తీస్తే నిలబడవండీ..."

"తీసెయ్ అన్నానా!"

తీసేశాడు. సాయంత్రం చెక్క పటంతో పాటు చిన్న ప్లాస్టిక్ కవర్ చేతిలో పెట్టాడు. "కళ్ళు ట్రేలో పడిపోయాయండీ. ఇందులో పెట్టాను."

రాత్రంతా కూర్చుని అత్తయ్య వెనక నల్లగుడ్డ వేసి, ఫెవికాల్‌తో కళ్ళు అతికించింది. ఎడమది కాస్త పక్కచూపు చూస్తోంది.

షష్టిపూర్తి రోజు హాల్లో టేబుల్ మీద పెట్టాం. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య చెల్లెలు పటం ముందు ఆగిపోయింది. "అచ్చం పెదనాన్నే! ఆ గడ్డం, ఆ చూపు... ఈరోజు ఆయన కూడా ఉండుంటే ఎంత బావుండేదక్కా" అని కళ్ళొత్తుకుని, పక్క పళ్ళెంలో ఉన్న మల్లెదండ తీసి దానికి వేసేసింది.

అత్తయ్య పరుగున వచ్చి దండ లాగితే, ఎడమ కన్ను దాంతోపాటు ఊడొచ్చింది.

"కన్ను తర్వాత అతికిద్దువుగాని, నేను బతికే ఉన్నానని ముందు మీ చెల్లెలికి చెప్పు" అన్నాడు మావయ్య.