అంకుల్ అంటే మేనమామే

పిల్లలు అందర్నీ అంకుల్, ఆంటీ అనేస్తున్నారు, మన వరసలు మరుగున పడిపోతున్నాయి అన్న ఫిర్యాదు అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో ఏ ఇద్దరు పెద్దవాళ్లు కలిసినా వినిపిస్తుంది. అందులో సగమే ఒప్పుకుంటాను.

అసలు ఆ మాట ఎక్కడిదో చూడండి. లాటిన్‌లో 'అవుస్' అంటే తాత. దాని నుంచి పుట్టిన 'అవుంకులుస్' అంటే బుల్లి తాత అని అర్థం. అమ్మ అన్నదమ్ముల్ని మాత్రమే అలా పిలిచేవారు. అంటే అచ్చంగా మన మేనమామ. నాన్న అన్నదమ్ములకు 'పత్రూస్' అని వేరే మాట ఉండేది. రోమన్లలో ఈ పత్రూస్‌కి చీవాట్లు పెట్టే మనిషని పేరు. కవి హోరెస్ ఆయన నోటి వాత గురించి రాశాడు కూడా. నాన్న అక్కచెల్లెళ్లు 'అమిత', అమ్మ అక్కచెల్లెళ్లు 'మాతెర్తెర'. నాలుగు వరసలకు నాలుగు మాటలు, మనకున్నట్టే.

పాత ఇంగ్లీషూ ఈ విషయంలో తక్కువేం తినలేదు. మేనమామకు ఒక మాట, బాబాయికి ఒకటి, మేనత్తకు ఒకటి, పిన్నికి ఇంకొకటి ఉండేవి. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి వీటి మీద కూర్చున్నాయి. ఫ్రెంచివాళ్లు అప్పటికే అవుంకులుస్‌ని కుదించి బాబాయికీ అదే తగిలించారు, అమితని కుదించి పిన్నికీ అదే తగిలించారు. అలా వచ్చినవే అంకుల్, ఆంట్. పుట్టుక ప్రకారం చూస్తే అంకుల్ అంటే మేనమామ, ఆంటీ అంటే మేనత్త. బాబాయిని అంకుల్ అన్నామంటే ఆయన్ని మామయ్యని చేసేసినట్టే!

తెలుగులో అది చిన్న తేడా కాదు. నాన్న అన్నదమ్ములు మనకు నాన్నలే, అందుకే పెదనాన్న, చిన్నాన్న. అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మలే. వాళ్ల పిల్లలు మనకు తోబుట్టువులు. మామయ్య పిల్లలూ మేనత్త పిల్లలూ అయితే బావలు, మరదళ్లు. ఈ పద్ధతి మీద ఆసక్తి పుట్టిన అమెరికన్ ఒకాయన ఉన్నాడు. లూయిస్ హెన్రీ మోర్గాన్, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో లాయరు. దగ్గర్లో ఉండే అమెరికా ఆదివాసులు, సెనెకా తెగవాళ్లు, బాబాయిని నాన్న అని, పిన్నిని అమ్మ అని పిలవడం గమనించి, ఇలాంటివాళ్లు ఇంకెక్కడున్నారా అని ప్రపంచమంతా ప్రశ్నల పట్టికలు పంపాడు. 1871లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన లావుపాటి పుస్తకంలో తమిళ, కన్నడ వరసల పక్కన మన తెలుగు వరసలూ ఉన్నాయి. దీన్నిబట్టి సెనెకావాళ్లు ఆసియా నుంచి వచ్చారని ఆయన తేల్చేశాడు. ఆ వాదన ఈ ఆధారంతో నిలబడేది కాదనుకోండి. కానీ చుట్టరికాల అధ్యయనం ఒక శాస్త్రంగా మొదలైన చోటే మన పిన్ని, బాబాయిలు ఉన్నారు.

ఇక పార్టీల్లో అంకుల్ అనడానికొస్తే, నాకేం అభ్యంతరం లేదు. ఎదుటివాళ్లది ఏ జిల్లా, ఏ కులం అని ఆరా తీయకుండానే మర్యాదగా పిలిచే వీలుంది ఆ మాటలో. స్నేహితుణ్ణి మీ పిల్లాడు మామయ్యా అంటే ఆయన కూతురు మరదలైపోతుంది, బాబాయ్ అంటే చెల్లెలైపోతుంది. పదహారేళ్ల పిల్లలకు రెండూ ఇబ్బందే. అంకుల్‌తో ఆ గొడవ లేదు.

అయితే అమెరికాలో పెరిగే పిల్లలకు ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. బానిసత్వం రోజుల్లోనూ ఆ తర్వాతా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్లు, పెద్ద వయసు నల్లవాళ్లను మిస్టర్, మిసెస్ అనడం ఇష్టంలేక అంకుల్, ఆంట్ అనేవారు. అంకుల్ బెన్స్ బియ్యం కంపెనీ 2020లో పేరులోంచి అంకుల్ తీసేస్తున్నట్టు ప్రకటించింది ఇందుకే. మనకు మర్యాదగా తోచే పిలుపే పక్కింటి నల్లజాతి పెద్దాయనకు చురుక్కుమనిపించవచ్చు. ఆయన్ని మిస్టర్ అనడమే మంచిది.

నా అభ్యంతరమల్లా ఇంట్లో అంకుల్ గురించి. సొంత తమ్ముణ్ణి పిల్లలకు ఫోన్లో 'అంకుల్‌తో మాట్లాడు' అని ఇచ్చేది మనమే. పిల్లలు కనిపెట్టిన అలవాటు కాదది. మీ ఇంట్లో బాబాయి అంటారో, చిన్నాయన అంటారో, కాకా అంటారో, ఆ మాటే వాడండి. ఫోన్లో నంబరు 'శ్రీను అంకుల్' అని ఉంటే ఈ రాత్రే 'శ్రీను బాబాయి' అని మార్చండి. వీడియో కాల్ వచ్చినప్పుడు పిల్లలు ముందు చదివేది ఆ పేరే.